పువ్వు కాని పువ్వు: మన ఇంకు సీసా పూర్వకథ

పెడనలో కలంకారీ అద్దకం చేసేవారు పసుపు రంగుకు వాడే కరకపువ్వు నిజానికి పువ్వు కాదు. కరక చెట్టు లేత ఆకు పూర్తిగా విచ్చుకోకముందే ఒక చిన్న పురుగు దాన్ని పొడిచి గుడ్లు పెడుతుంది. ఆ గాటు దగ్గర ఆకు ఉబ్బి, లోపల బోలుగా, పైన వంకరటింకరగా ఒక బుడిపె తయారవుతుంది. ఎండాక ముడతలు పడి, చూడ్డానికి వాడిపోయిన పువ్వులా ఉంటుంది. అందుకే మనవాళ్లు దానికి పువ్వని పేరు పెట్టారు. మూలికల కొట్లో ఇప్పటికీ ఆ పేరుతోనే అడగాలి.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా తోచింది ఈ బుడిపెల సంగతే. మన బడి చరిత్ర, మన మాస్టార్ల చరిత్ర రాయడానికి నాకంటే తగినవారు ఈ సంచికలోనే ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో రసాయనశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కనుక, ఆ చరిత్రను ఏ సిరాతో రాశారో ఆ సిరా చరిత్ర రాస్తాను. దాని బంధుత్వాలు మన కృష్ణా డెల్టాలో మూడు చోట్ల కనిపిస్తాయి: అద్దకం బట్ట మీద నలుపులో, సానరాయి మీద మందులో, హెడ్మాస్టరు గారి బల్ల మీది బ్లూ-బ్లాక్ సీసాలో. చివర్లో సంఘం ముందు ఒక విన్నపం కూడా ఉంది.

చెట్టుకు లేచిన బుడిపె

బుడిపెలు మనకు కొత్తవి కావు. బడి దారిలో, కాలవ గట్ల మీద ఉన్న కానుగ చెట్ల ఆకులు గుర్తు తెచ్చుకోండి. చాలా ఆకుల మీద పులిపిరుల్లాంటివి లేచి ఉండేవి. వాటిని గోటితో గిల్లనివాళ్లు మనలో ఉండరు. కంటికి ఆనని ఒక నల్లి జాతి పురుగు చేసే పని అది.

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మిత్రులకు ఇంకో బుడిపె బాగా తెలుసు. వరిలో వచ్చే ఉల్లికోడు. దోమంత ఈగ గుడ్లు పెడితే, వాటి నుంచి వచ్చిన పిల్లపురుగు పిలక మొదట్లోకి దిగి, మొలిచే చోట కూర్చుంటుంది. ఆ పిలక ఆకుగా విచ్చుకోవడం మాని ఉల్లికాడలాగా గొట్టమై పైకి లేస్తుంది. ఇక దానికి కంకి రాదు. సురేఖ, ఫల్గుణ లాంటి వరి రకాలకు రైతుల్లో పేరు రావడానికి అవి ఈ ఉల్లికోడును తట్టుకోవడమే ఒక కారణం.

ఈ రెంటిలోనూ జరిగేది ఒకటే. పురుగు తన ఇల్లు తాను కట్టుకోదు, మొక్క చేతనే కట్టించుకుంటుంది. మొక్క ఎదుగుదలను తన అవసరానికి మళ్లించుకుంటుంది. కొన్ని చెట్ల బుడిపెల్లో మాత్రం ఒక విశేషం ఉంది. వాటిలో వగరు పదార్థం విపరీతంగా పోగవుతుంది. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, లేత జామపిందె నమిలినప్పుడు నాలుక పట్టుకుపోయినట్టు ఉంటుందే, ఆ వగరు. రసాయనశాస్త్రంలో దాని పేరు టానిన్.

టానిన్ గుణాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే పట్టుకోవడం. మాంసకృత్తులను పట్టుకుంటుంది కనుక నోట్లో వగరుగా తగులుతుంది, పచ్చి తోలును చెప్పులు కుట్టే తోలుగా మారుస్తుంది. నూలును పట్టుకుంటుంది, ఇనుమును పట్టుకుంటుంది. మందు, అద్దకం, సిరా మూడూ ఈ ఒక్క గుణం మీద బతికాయి.

సానరాయి మీద

మా అమ్మమ్మది దివిసీమ. ఇంట్లో పసిబిడ్డ ఉంటే చాలు, ఆమె చెక్కపెట్టె బయటికి వచ్చేది. అందులో వసకొమ్ము, శొంఠి, జాజికాయ, కరక్కాయ, మాచికాయ. సానరాయి మీద కాసిని తల్లిపాలు వేసి ఒక్కొక్కదాన్ని అరగదీసి, ఆ గంధాన్ని ఉగ్గుగిన్నెలోకి తీసేది. మా అమ్మ అడిగేది, "ఎన్ని చుట్లు తీయాలే అమ్మా?" అని. "మాచికాయ రెండు చుట్లు చాలే. ఎక్కువైతే బిడ్డకు కడుపు బిగుసుకుంటుంది" అనేది అమ్మమ్మ. బడి మెట్టు ఎక్కని ఆ మనిషి దగ్గర మోతాదు లెక్క ఉండేది.

ఆ మాచికాయ కూడా కాయ కాదు. అది సింధూర జాతి చెట్టుకు, అంటే ఓక్ చెట్టుకు లేచే బుడిపె. ఆ చెట్టు మన దేశంలో పెరగదు. టర్కీ, సిరియా, ఇరాన్ కొండల్లో పెరుగుతుంది. ఒక చిన్న కందిరీగ లేత కొమ్మలో గుడ్డు పెడితే, దాని చుట్టూ గోలీకాయంత గట్టి ఉండ తయారవుతుంది. కందిరీగ పెద్దదై దాన్ని తొలుచుకుని బయటికి పోతుంది. పోకముందే కోసిన కాయలు నల్లగా, ఆకుపచ్చగా, బరువుగా ఉంటాయి. వాటిలో సగానికి పైగా టానినే. పోయాక కోసినవి తెల్లబడి, తేలికై, చిల్లుతో ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లు చిల్లు లేని కాయలు ఏరుకుంటారు. సిరియాలోని అలెప్పో నగరం ఈ సరుకుకు పెట్టింది పేరు. పర్షియన్‌లో దాన్ని మాజూ అంటారు, హిందీలో మాజూఫల్, మనకు మాచికాయ. చిగుళ్ల నుంచి రక్తం కారితే పుక్కిలించడానికి, విరేచనాలు కట్టడానికి వాడేవారు. రెండింటిలోనూ పనిచేసేది ఆ వగరే.

కర్కాటకశృంగి సంగతీ ఇంతే. ఎండ్రకాయ కొమ్ములా వంకర తిరిగి ఉంటుందని ఆ పేరు. వాయవ్య హిమాలయ ప్రాంతాల్లో పిస్తా జాతికి చెందిన ఒక చెట్టుకు, పేనుబంక లాంటి పురుగు వల్ల లేచే బోలు బుడిపె అది. దగ్గు, ఆయాసాల మందుల్లో వేస్తారు. పిల్లల జ్వరానికీ దగ్గుకీ విరేచనాలకీ ఇచ్చే బాలచాతుర్భద్ర చూర్ణంలో ఉన్న నాలుగు దినుసుల్లో ఇదొకటి. తుంగముస్తలు, పిప్పళ్లు, అతివస మిగతా మూడు. చ్యవనప్రాశలో కూడా ఇది ఉంటుంది. మన కరకపువ్వును కూడా పసిపిల్లల విరేచనాలకు వాడేవారు.

ఇవన్నీ చరిత్రగా చెబుతున్నాను కానీ వైద్యంగా కాదు. మనవళ్లకు, మనవరాళ్లకు సానరాయి తీసేముందు డాక్టరును అడగండి. ఈ మందుల పెట్టెలో పశ్చిమాసియా ఓక్ చెట్టు, హిమాలయ పిస్తా చెట్టు, తూర్పు కనుమల కరక చెట్టు కలిసి ఉండేవి. దివిసీమ దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లని మా అమ్మమ్మ చేతికి ఇంత దూరపు సరుకులు అందాయంటే, వాటి వెనక ఎన్ని పడవలు, ఎన్ని బండ్లు, ఎన్ని కొట్లు ఉండి ఉంటాయో ఆలోచించండి.

సామర్లకోట డాక్టరు రాసుకున్న మాట

కరకపువ్వు గురించి శాస్త్రీయంగా రాసినవారిలో ముఖ్యుడు విలియం రాక్స్‌బరో. స్కాట్లండ్ నుంచి 1776లో మద్రాసు వచ్చిన వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా మన పక్కనే, గోదావరి డెల్టాలోని సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి, మన చెట్టూచేమా పరిశీలించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. తర్వాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచినవాటితో కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు పెద్ద సంపుటాలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. మొత్తం 300 బొమ్మలు.

కరక చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాయ గురించే కాక ఆకు బుడిపె గురించి కూడా ప్రత్యేకంగా రాశాడు. పురుగు పొడవడం వల్ల ఇది లేస్తుందని, ఓక్ బుడిపెలతో చేసిన సిరాకు దీనితో చేసిన సిరా ఏమాత్రం తీసిపోదని, ఈ తీరంలో చీటీ బట్టల మీద రంగులు వేసేవారికి అన్నిటికంటే మేలైన, నిలకడైన పసుపు దీనినుంచే వస్తుందని నమోదు చేశాడు. తెలుగువారు దీన్ని ఏమంటారో కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ అక్షరాలను మన లిపిలో పెడితే 'ఆల్దికాయ' అవుతుంది. ఈ మాట ఇంకా ఎవరి ఇంట్లోనైనా, ఏ ఊళ్లోనైనా వాడుకలో ఉంటే దయచేసి నాకు చెప్పండి.

రాక్స్‌బరో మాటల్లో గమనించాల్సింది ఇది. ఒకే వస్తువును ఆయన సిరాతోనూ, చీటీ బట్టతోనూ కలిపి చూశాడు. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం పెడన వెళితే కళ్లారా కనిపిస్తుంది.

పెడన నలుపు

1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నం రేవులో దిగింది ముఖ్యంగా మన బట్టల కోసం. అప్పటి యూరప్‌లో ఉతికితే వెలవని రంగు నూలు మీద వేయడం ఎవరికీ సరిగా చేతకాదు. మన బట్ట ఉతికినకొద్దీ మెరుగయ్యేది. దానికి అక్కడ పుట్టిన గిరాకీ ఎంతంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు ఈ బట్టలను నిషేధించింది. తర్వాత ఇంగ్లండు కూడా అదే దారి పట్టింది. ఈ రహస్యం తెలుసుకోవడానికి యూరప్‌వాళ్లు చాలా తంటాలు పడ్డారు. తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చిన కోర్దూ అనే ఫ్రెంచి ఫాదరీ, 1742లో ఈ పద్ధతినంతా వివరించి స్వదేశానికి ఉత్తరం రాశాడు. అందులో కరక్కాయ ఉంది, గేదెపాలు ఉన్నాయి.

ఆ రెండూ పెడనలో ఇప్పటికీ ఉన్నాయి. మా బ్యాచ్ మిత్రుడొకడు అద్దకం కుటుంబం నుంచి వచ్చినవాడు. వాడితో కలిసి పెడన వెళ్లి చూశాను. ముందు బట్టను శుభ్రంగా ఉడకబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. బట్ట లేత గంధం రంగుకు వస్తుంది. కరక్కాయలోని టానిన్ నూలును పట్టుకుంది. పాలలోని కొవ్వు, తర్వాత వేసే రంగు గీత దాటి పాకకుండా కాపలా కాస్తుంది.

ఇంకోవైపు తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులుపులో ఇనుము కొంచెం కొంచెంగా కరుగుతుంది. దాన్ని కసిం అంటారు. చూడ్డానికి మురికినీళ్లలా ఉంటుంది. టేకు అచ్చును దానిలో అద్ది కరక్కాయ పట్టిన బట్ట మీద పెట్టి గుద్దితే, అచ్చు ఎత్తేలోపే గీత నల్లబడుతుంది. నల్లరంగు కుండలోనూ లేదు, బట్టలోనూ లేదు. రెండూ కలిసిన చోట పుడుతుంది. పట్టాల మీద అచ్చు గుద్దే చప్పుడు మధ్య నిలబడి అది చూస్తుంటే, తరగతి గదిలో ఏళ్ల తరబడి పరీక్షనాళికలో చూపించిన చర్య ఇక్కడ గజాల లెక్కన జరుగుతోంది కదా అనిపించింది.

ఎరుపుకు దారి వేరు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్ది, రంగు వేళ్లతో కలిపి ఉడకబెడతారు. ఒకప్పుడు ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు దానికి ఆధారం. యూరప్‌లో 1869 ప్రాంతంలో కృత్రిమ అలిజరిన్ తయారీ మొదలయ్యాక ఆ వేరు తవ్వేవాళ్లు క్రమంగా పోయారు. పసుపుకు మాత్రం కరకపువ్వు, పటిక. నీలి మందు వేసిన చోట ఈ పసుపు పూస్తే ఆకుపచ్చ వస్తుంది.

అక్కడ పొయ్యి దగ్గర ఉన్న పెద్దాయనతో, "అయ్యా, ఇది పువ్వు కాదండి, ఆకుకు పురుగు పొడిచిన బుడిపె" అన్నాను. ఆయన గరిటె తిప్పడం ఆపలేదు. "పురుగు పొడిస్తే ఏంటి మాస్టారూ, రంగిచ్చింది కదా. మాకది పువ్వే" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు.

1864 నవంబరు 1న వచ్చిన తుపానులో మచిలీపట్నం, చుట్టుపక్కల ఊళ్లు కలిపి 30,000 మంది దాకా పోయారు. మిల్లు బట్ట వచ్చింది, కృత్రిమ రంగులు వచ్చాయి. ఇన్నిటి తర్వాత కూడా ఈ అద్దకం పూర్తిగా పోలేదు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే కరక్కాయ, కసిం, కరకపువ్వు వాడి చేసేది అన్ని రోజుల పని. రసాయన రంగులతో తెరముద్ర వేస్తే గంటల పని. కొనేవారికి తేడా తెలియకపోతే చేసేవారు ఎన్నాళ్లు చేస్తారు? పెడన బట్ట కొనేటప్పుడు, "నలుపు కరక్కాయదేనా అండి?" అని ఒక్క మాట అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే చేసేవాళ్లు ఉంటారు.

బట్ట నుంచి కాగితానికి

ఇప్పుడు బట్ట బదులు కాగితం, అచ్చు బదులు పాళీ అనుకోండి. అదే బ్లూ-బ్లాక్ ఇంకు.

మన పూర్వీకులు తాటాకు మీద రాసేటప్పుడు దీని అవసరం లేకపోయింది. గంటంతో ఆకు మీద గీరి, ఆ గాళ్లలో మసి పులిమి తుడిచేవారు. మసి గాళ్లలో నిలిచేది. కాగితం వచ్చాక ఆ వెసులుబాటు లేదు. మసి సిరా కాగితం పైన కూర్చుంటుంది, లోపలికి దిగదు. తడి తగిలితే చెదిరే ప్రమాదం. లోపలికి దిగి నారను పట్టుకునే సిరా కావాలంటే ఇనుము, వగరు కలవాలి.

కరక్కాయలు నలగ్గొట్టి కషాయం కాచి, అన్నభేది కలిపి, చిక్కదనానికి తుమ్మబంక వేస్తే ఇంట్లోనే సిరా సిద్ధం. కరక్కాయ సిరా మన తాతల కాలపు బడిపిల్లలకు తెలిసిన వస్తువే. అన్నభేది అంటే ఐరన్ సల్ఫేటు. యూరప్‌లో ఇదే పాకానికి కరక్కాయ బదులు మాచికాయ వాడారు. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత ప్లినీకి మాచికాయ రసం అన్నభేదితో నల్లబడుతుందని తెలుసు. నాలుగో శతాబ్దపు బైబిల్ ప్రతి నుంచి బాహ్ సంగీత ప్రతుల దాకా, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన దాకా యూరప్, అమెరికాల్లో ముఖ్యమైన రాతలెన్నో ఈ జాతి సిరాతో రాసినవే. 1786లో షీలే అనే స్వీడన్ రసాయనశాస్త్రవేత్త మాచికాయ నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. లాటిన్‌లో ఈ బుడిపెను గాలా అంటారు కనుక దానికి గాలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన పేరు వెనక ఒక పురుగు ఉందన్నమాట.

అప్పుడే కలిపిన ఈ సిరాకు రంగు తక్కువ. రాశాక గాలి తగిలి, ఇనుము మారి, గంటల్లోనూ రోజుల్లోనూ నల్లబడుతుంది. రాసేటప్పుడు కనబడాలి కనుక కంపెనీలు అందులో నీలిరంగు కలిపాయి. రాసేటప్పుడు నీలం, తర్వాత నలుపు. బ్లూ-బ్లాక్ అన్న పేరుకు అర్థం ఇదే. మన దేశపు ప్రమాణాల సంస్థ ఈ సిరాకు ఫెర్రో-గాలో-టన్నేట్ అనే పేరుతో ప్రత్యేకంగా ఒక ప్రమాణం పెట్టింది. దాని సంఖ్య ఐఎస్ 220. ఇంగ్లండులో జనన, వివాహ రిజిస్టర్లను ఈ జాతి సిరాతోనే రాసేవారు.

మనం పిల్లలం వాడింది ఇది కాదు. ఇంకు బిళ్ళ నీళ్లలో కలిపితే వచ్చే రంగు, లేదా రాయల్ బ్లూ. ఒక్క చినుకు పడితే హోంవర్కంతా పారిపోయేది. చొక్కా జేబు మీద మరక రెండు ఉతుకులకు పలచబడేది. బ్లూ-బ్లాక్ సీసా ఉండేది హెడ్మాస్టరు గారి బల్ల మీద, గుమాస్తా గారి బల్ల మీద. అడ్మిషన్ రిజిస్టరు, మార్కుల రిజిస్టరు, టీసీ, ఎస్సెల్సీ పుస్తకం అన్నీ దానితోనే. పెద్దవాళ్లకు మాత్రమే ఆ ఇంకు ఎందుకో అప్పుడు మనం అడగలేదు. చెరపకూడనివి రాసేవారికి చెరగని ఇంకు.

నీళ్లలో నిలిచింది, కాగితాన్ని తింటోంది

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు కొన్ని రోజులు తియ్యలేదు. బీరువా కింది అరలోని కాగితాలన్నీ నానిపోయాయి. ఇంట్లోని ప్రింటరు మీద తీసిన కాగితాల్లో అక్షరాల బదులు రంగు మచ్చలు మిగిలాయి. జెల్ పెన్నుతో రాసుకున్న డైరీ చాలాచోట్ల ఖాళీ అయింది. 1968 నాటి నా ఎస్సెల్సీ పుస్తకం అట్ట ఊడింది, పేజీలు అంటుకున్నాయి. ఫ్యాను కింద ఆరబెట్టి ఒక్కో పేజీ విప్పాను. నీలం పోయింది. నలుపు ఉంది. పుట్టినతేదీ ఉంది, మార్కులున్నాయి, హెడ్మాస్టరు గారి సంతకం తోకతో సహా ఉంది. వగరు ఇనుమును పట్టుకుంది, రెండూ కలిసి కాగితాన్ని పట్టుకున్నాయి. బుడమేరు విడిపించలేకపోయింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. కానీ ఈ సిరాకు రెండో ముఖం ఉంది. అన్నభేది, టానిన్ కలిసినప్పుడు నలుపుతో పాటు గంధకామ్లం కూడా పుడుతుంది. మిగిలిపోయిన ఇనుము గాలిలో కాగితాన్ని నెమ్మదిగా పాడుచేస్తూనే ఉంటుంది. రాత చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, పెళుసవుతుంది, చివరికి అక్షరం ఉన్నచోట చిల్లు పడుతుంది. బెర్లిన్ గ్రంథాలయంలోని బాహ్ ప్రతులు ఇలాగే పాడైతే వాటిని కాపాడడానికి పెద్ద ప్రయత్నమే చేయాల్సి వచ్చింది. మ్యూజియాల్లోని పాత చీటీ బట్టల్లో మిగతా రంగులు బాగుండి, నల్ల గీత ఉన్నచోట మాత్రమే నూలు రాలిపోయి ఉంటుంది. కారణం అదే ఇనుము. మన డెల్టాలో ఉండే చెమ్మకు ఈ పని ఇంకా తొందరగా సాగుతుంది.

ఈ సంచిక పని మీద మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూసే అవకాశం వచ్చింది. వాటిలో అన్నిటికంటే పాతవి ముంచి రాసే స్టీలు పాళీతో రాసినవి. పాళీ ఒత్తినచోట, సిరా చిక్కగా దిగినచోట, కొన్ని అక్షరాలు రాలిపోతున్నాయి. పేజీ తిప్పితే కింద గోధుమరంగు పొడి పడుతోంది. ఆ పొడి మన పేర్లే.

తండ్రి లేక సంరక్షకుని వృత్తి అని ఒక గడి ఉంది. దాన్ని పైనుంచి కిందికి చదివితే ఈ ఊరి చరిత్ర కనిపిస్తుంది. వ్యవసాయం, చేనేత, అద్దకం, పడవ సరంగు, రైల్వే కళాసీ, పచారీ కొట్టు, వైద్యం. కాలవలో పడవలు పోయాక సరంగు అన్న మాట ఆ గడిలోంచి పోయింది. తర్వాత లారీ డ్రైవరు వచ్చింది. ఏ పుస్తకంలోనూ దొరకని చరిత్ర ఇది. అంతేకాదు, వరదల్లో సర్టిఫికెట్లు పోగొట్టుకుని, పుట్టినతేదీ రుజువు కోసం ఈ రిజిస్టరు దగ్గరికి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. వారిలో కొందరికి ఉన్న ఆధారం ఈ ఒక్క వరుసే.

విన్నపం

స్వర్ణోత్సవానికి తోరణాలు, జ్ఞాపికలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఈ నాలుగు పనులు మన సంఘం తలపెట్టాలని కోరుతున్నాను.

మొదటిది, ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాత రిజిస్టర్ల ప్రతి పేజీనీ ఫొటో తీయించడం. పుస్తకాన్ని బలవంతంగా వెడల్పుగా విప్పకుండా, పైనుంచి కెమెరాతో తీయాలి. కాపీలు కనీసం మూడుచోట్ల ఉండాలి, అందులో ఒకటి విజయవాడకు బయట. వివరాలు ఎవరు చూడవచ్చో బడి నిర్ణయిస్తుంది.

రెండోది, అసలు రిజిస్టర్లను నేలకు దగ్గరగా ఉన్న బీరువాలోంచి పై అంతస్తుకు మార్చడం. 2024 తర్వాత దీనికి వేరే కారణం చెప్పనక్కర్లేదు.

మూడోది, మంచి మనసుతోనైనా సరే ఎవరూ వాటికి ప్లాస్టిక్ లామినేషన్ చేయించకూడదు, జిగురు టేపు అంటించకూడదు. రెండూ పాడు చేసేవే. పేజీల మధ్య ఆమ్లం లేని కాగితం పెట్టడం, చెమ్మ తగలకుండా చూడడం మన చేతిలో ఉన్న పని. అంతకుమించినది నిపుణులకు వదిలేయాలి.

నాలుగోది పిల్లల కోసం. ఎనిమిదో తరగతి సైన్సు గదిలో ఏటా ఒక పూట కరక్కాయ సిరా చేయిద్దాం. కరక్కాయలు పచారీ కొట్లో దొరుకుతాయి, తుప్పు మేకులు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ కషాయంలో మేకులు వేసిన నీళ్లు కలిపిన క్షణం పిల్లల మొహాలు చూడ్డానికి నేను స్వయంగా వస్తాను. అదే పూట వారిని పెడన తీసుకెళ్లే బస్సు ఖర్చు మా 1968 బ్యాచ్ పెట్టుకుంటుంది.

ఆ సిరాతో ప్రతి పిల్లా, పిల్లవాడూ ఒక కాగితం మీద తన పేరు, ఊరు, ఇంట్లో పెద్దలు చేసే పని రాయాలి. రాసినప్పుడు లేత బూడిదరంగులో ఉన్న అక్షరాలు మర్నాటికి నల్లబడతాయి. వాటికి కూడా ఫొటో తీసి, పాత రిజిస్టర్ల పక్కనే దాచిపెడదాం.